పలుగురాయి చూసిన చివరి వెలుగు

ఇసుకరేణువుకు మతిమరుపు వెలుగువల్ల వస్తుంది. మట్టికింద, రాతిసందున, చీకట్లో పడివున్నంతకాలం చుట్టూ ఉన్న రాళ్ళలోని యురేనియం, థోరియం, పొటాషియం విడిచే కిరణాల శక్తిని అది కొద్దికొద్దిగా లోపల దాచుకుంటూ పోతుంది. ఒక్కసారి వెలుగు తగిలిందంటే దాచినదంతా జారవిడిచి మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ఇసుకలోని ఒక పలుగురాయి (క్వార్ట్జ్) రేణువులో ఎంత పోగుపడిందో కొలిస్తే, అది చివరిసారి వెలుగు చూసి ఎంతకాలమైందో చెప్పవచ్చు.

తిరుపతిలో సుభాషిణి పనిచేసే ప్రయోగశాలకు పెద్ద ఇందుశేఖర్‌గారు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన, "మా అత్తగారి లాంటిదయ్యా పలుగురాయి. లోపల పెట్టుకుంటుంది, పెట్టుకుంటుంది. ఎవరైనా ఒక్కమాట తగిలించారా, అంతా ఒకేసారి బయటికొస్తుంది" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. ఎన్నిసార్లు విన్నా సుభాషిణీ నవ్వేది. ఆయన భార్య తల్లి పోయి చాలాకాలమైందనీ, ఆవిడంటే ఆయనకు ప్రాణమనీ ఆమెకు తెలుసు.

పాత పద్ధతుల్లో ఈ లెక్క వెయ్యేళ్ళకు యాభై ఏళ్ళు అటూ ఇటూగా వచ్చేది. సుభాషిణి చేసిన యంత్రం వేరు. పలుగురాయి తన శక్తిని ఒకేచోట దాచదు. కొంత పైపైన, కొంత లోతుగా, కొంత మరీ లోతుగా దాచుకుంటుంది. ఆ గూళ్ళను ఒక్కొక్కటిగా తెరిచి, ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే పూట తేడాతో కాలం చెప్పవచ్చునని ఆమె నమ్మింది. పదకొండేళ్ళు పట్టింది. పెన్న వరదలు తెచ్చిపోసిన ఇసుకమేటల్లో, ఫలానా వరద ఫలానా రోజు ఉదయమా సాయంత్రమా అన్నది కూడా అది చెప్పింది. ప్రయోగశాలలో దానికి 'పూటకొలత' అని పేరుపడింది.

దానికి కష్టమైన పని గూడూరు వైపు నుంచి వచ్చింది.

తెల్లగుండ్లపాడు దగ్గర పాడుబడిన అబ్రకం (మైకా) గనిని లిథియం కోసం మళ్ళీ తెరుస్తుంటే, కూలిన సొరంగం వెనక చిన్న గదిలాంటి ఖాళీలో ఇద్దరు మనుషుల ఎముకలు కనిపించాయి. ఆ గని రెండుసార్లు కూలింది. ఒకసారి బ్రిటిషువాళ్ళ కాలంలో, రెండోసారి ముప్ఫై నాలుగేళ్ళ కిందట. ఈ ఎముకలు ఎప్పటివో తేల్చమని పోలీసులు అడిగారు.

రెండోసారి కూలినప్పుడు లోపల చిక్కుకున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు కాశిం. రెండోవాడు పెంచలయ్య. అతను సుభాషిణి తండ్రి. అప్పుడు ఆమెకు ఆరేళ్ళు.

ఆ సంగతి తెలిసి ఇందుశేఖర్‌గారు ఆమెను తన గదిలోకి పిలిచారు. "ఇంకొకరికి అప్పగిస్తానమ్మా. నువ్వు చెయ్యనక్కర్లేదు."

"ఇంకొకరికి యంత్రం అంత బాగా రాదు సార్."

"రాకపోతే పోలీసులు ఇంకో నెల ఆగుతారు."

"మా అమ్మ ఆగలేదు సార్" అంది సుభాషిణి.

*

మస్తానమ్మ కూతురి దగ్గరే ఉంటుంది. ఎముకలు దొరికిన వార్త వచ్చిన రోజు ఆమె చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. విని, చేతిలో ఉన్న కాయ పూర్తిచేసి, గిన్నెలో వేసి, అప్పుడు అడిగింది.

"మీ మిషను ఇసకని చూసి దినం చెప్తాదంటివి గదా అమ్మణ్ణీ."

"చెబుతుందమ్మా."

"మీ నాయన జేబులో ఏనాడూ గడియారం ల్యా. ఇసకకి గడియారం కట్టినావే నువ్వు!" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "అయితే నాకొక్కటి చెప్పమను. నా మెట్టెలు తీసిన పొద్దుకి ఆయన ఉండాడా, లేడా?"

సుభాషిణికి ఆ ప్రశ్న కొత్తది కాదు. అమ్మ జ్వరంలో పలవరించినప్పుడు విన్నది. పూర్తిగా మెలకువలో ఉండి అడగడం మాత్రం ఇదే మొదటిసారి.

అప్పుడు కార్తీకమాసం. గని కూలాక నాలుగు రోజులు తవ్వారు. ఐదో రోజు పైనుంచి మళ్ళీ బండలు జారితే తవ్వేవాళ్ళు ఇక లోపలికి పోలేమన్నారు. 'కూలిన క్షణంలోనే పోయుంటారు, బాధ తెలిసుండదు' అన్నారు గని పెద్దలు. శవం లేదు. అమావాస్య దగ్గరపడుతోంది. కర్మ అమావాస్య దాటించకూడదని కులపెద్దలు తొందరపెట్టారు. మోదుగాకులు పరిచి మనిషి ఆకారం చేసి దహనం చేశారు. పదకొండో రోజు జరగాల్సింది గని కూలిన ఏడో రోజే జరిపించారు. వాగు దగ్గర కూర్చోబెట్టి గాజులు తీశారు. మెట్టెల దగ్గరికొచ్చేసరికి మస్తానమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. 'గని తవ్వి చూపియ్యండి, అప్పుడు తీస్తా' అంది. ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. పొద్దు వాలుతోంది. ఆరేళ్ళ సుభాషిణి ఆకలికి ఏడుస్తోంది. చివరికి ఆమే తీసి ఇచ్చింది.

ఇన్నేళ్ళుగా ఆమెను కొరికేది అదే. 'ఎవురూ లాగలా. నా చేత్తో నేనే తీసినా' అనేది. బతికున్నవాడికి పిండం పెడితే ఆయుష్షు తరిగిపోతుందని చిన్నప్పుడు విన్న మాట ఆమెలో మేకులా దిగబడి ఉంది. చదువుకున్న కూతురు అది వట్టి మాటని ఎన్నోసార్లు చెప్పింది. మస్తానమ్మ తల ఊపేది. మేకు మాత్రం కదిలేది కాదు.

*

గనిలోకి సుభాషిణి స్వయంగా వెళ్ళింది. రేణువులకు వెలుగు తగలకుండా మసక ఎర్రదీపం ఒక్కటే పెట్టుకుని, లోపల కూర్చుని నమూనాలు తీసింది. అబ్రకం రేకులు ఆ ఎర్రటి వెలుగులో చేపపొలుసుల్లా మెరుస్తున్నాయి.

ఒక మనిషి ఎముకలు గోడకు ఆనుకుని కూర్చున్న తీరులో ఉన్నాయి. నడుము దగ్గర నల్లబడిన వెండి మొలతాడు. మొలతాడున్నవాడు తన తండ్రి. ఎదురుగా ఒక కార్బైడు దీపం. పక్కన కార్బైడు అయిపోయిన డబ్బా.

రెండోవాడు కాశిం. అతని తొడ ఎముక రెండుగా విరిగి ఉంది. కానీ విరిగిన కాలు సరిచేసి ఉంది. అతను పడిపోయినట్టు లేడు, పడుకోబెట్టినట్టు ఉన్నాడు. నేల చదునుచేసి, తల ఉత్తరానికి పెట్టి, కుడిపక్కకు తిప్పి ఉంచారు. మొహం నిండుగా పడమటి దిక్కుకు ఉంది. పైన పెద్ద పెద్ద అబ్రకం రేకులు ఇంటిపెంకుల్లా ఒకదానిమీద ఒకటి కప్పి ఉన్నాయి.

గూడూరులో పుట్టి పెరిగిన సుభాషిణికి ఆ పడక అర్థం కావడానికి ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది. ముసల్మానును మట్టిలో అలాగే పడుకోబెడతారు. సొరంగం ఏ దిక్కుకు తవ్వుకుంటూ వచ్చారో గనిమనిషికి తెలుసు కాబట్టి, చీకట్లో కూడా తన తండ్రికి పడమర ఎటో తెలిసింది.

ఆమె ఎర్రదీపం పక్కన పెట్టింది. తర్వాత కాశిం వీపుకింద నుంచి ఒక గొట్టంలో, కప్పిన రేకులపైన రాలిన పొడిలో, గని తెరిచినవాళ్ళ దీపాలు తగిలిన పైపొర గీసేసి, దాని కింది నుంచి ఇంకో గొట్టంలో పలుగుపొడి తీసి నల్లగుడ్డలో చుట్టింది.

ప్రయోగశాలలో ఆ రేణువులను చిల్లుల బిళ్ళమీద ఒక్కొక్కటిగా అమర్చి యంత్రంలో పెట్టింది. సన్నటి కాంతి తగలగానే రేణువు తను దాచుకున్నదాన్ని కంటికి ఆననంత నీలపు మెరుపుగా విడిచిపెడుతుంది. ఆ మెరుపునే యంత్రం లెక్కపెడుతుంది. ఆ గనిలోని పలుగురాయి కోట్ల ఏళ్ళుగా చీకట్లో ఉన్నది. దానికి తెలిసిన వెలుగంతా మనుషులు తెచ్చిన దీపాలదే. అందుకే లెక్క చాలా శుభ్రంగా వచ్చింది.

వీపుకింది రేణువులు చివరిసారి వెలుగు చూసింది గని కూలిన మూడో రోజు. బయట ఇంకా తవ్వుతున్న రోజది.

రేకులమీద పొడి పొరలు పొరలుగా రాలి ఉంది. అడుగుపొర నాలుగో రోజు. ఆపైది ఆరో రోజు. అన్నిటికన్నా పైది పదో రోజు. అంటే ఆ రోజున కూడా లోపల దీపం వెలిగింది.

సుభాషిణి ఇంకొన్ని రేణువులు తీసి చూసింది. పదో రోజే. ఇంకొన్ని చూసింది. ఆ పైన చూడలేదు.

ఆమె చెప్పింది విని ఇందుశేఖర్‌గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "పోలీసులు అడిగింది ఒక్కటే. ఎప్పుడు కూలినప్పటివి అని. దానికి జవాబు రాసి పంపించెయ్."

"మిగిలింది సార్?"

"మిగిలింది నీ ఇంటి విషయం తల్లీ. అందులో నేనెవర్ని?"

ఆయన లేచి తనే టీ కలుపుకొచ్చి ఆమె ముందు పెట్టారు. చక్కెర వెయ్యడం మరిచిపోయారు. ఆమె అలాగే తాగింది.

*

అమ్మకు అబద్ధం చెప్పాలని సుభాషిణి నిశ్చయించుకుంది. 'కూలినప్పుడే పోయారమ్మా, ఇద్దరూ' అనే మాటను స్కూటరుమీద ఇంటికి వచ్చేటంతసేపూ నోట్లో నలుపుకుంది. ఇల్లు చేరకముందే గూడూరు నుంచి కాదర్‌బీ ఫోను చేసింది.

కాదర్‌బీ కాశిం భార్య. మస్తానమ్మ, ఆమె ఇద్దరూ గని దగ్గర ఒకే కొట్టంలో కూర్చుని, కత్తితో అబ్రకం రేకులు చీల్చేవాళ్ళు. మొగుళ్ళు పోయాక ఇద్దరూ ఒకే వంటింట్లో వండుకుని పిల్లల్ని పెంచారు. సుభాషిణికి ఆమె పిన్నమ్మ.

"పాపా, నేను మీ అమ్మలాగా అది ఎప్పుడు, ఇది ఎప్పుడని అడగను" అంది కాదర్‌బీ. "పోయినోడు ఎప్పుడు పోతే ఏంది. మసీదులో శవం లేకుండా నమాజు చేసినారు, అదీ సరే. కానీ మావోణ్ణి పడమటికి తిప్పే చెయ్యి లేకపాయె గదా అని ఒక్క దిగులు. ఎట్టా పడున్నాడో, బోర్లా పడున్నాడో. నువ్వు లోపలికి పోయినావంట. చూసినావా?"

సుభాషిణి స్కూటరు రోడ్డుపక్కకు తీసి ఆపింది.

అవునంటే కాదర్‌బీ దిగులు తీరుతుంది. తీరిన మరుక్షణం 'ఎవరు తిప్పారు' అని అడుగుతుంది. ఆ మాట సాయంత్రానికి అమ్మ చెవిన పడుతుంది. కాశింను పడుకోబెట్టినవాడు అప్పటికి బతికే ఉన్నాడని తెలుసుకోవడానికి అమ్మకు చదువు అక్కర్లేదు. అక్కడి నుంచి అడుగుతూ అడుగుతూ పదో రోజు దాకా వస్తుంది. ఒకరికి చెప్పి ఇంకొకరికి దాచడానికి వీల్లేదు.

"ఇంకా అన్నీ తేలలేదు పిన్నమ్మా" అంది.

"సరేలే. నిదానంగా చూడు. కళ్ళు పోగొట్టుకోబాకు" అని కాదర్‌బీ ఫోను పెట్టేసింది.

ఇంటికెళితే మస్తానమ్మ గుమ్మంలోనే ఉంది. కూతురు చెప్పులు విడిచేదాకా ఆగింది.

"తేలిందా?"

"కూలినప్పుడే..." అని మొదలుపెట్టింది సుభాషిణి. దారంతా నలిపిన మాట అక్కడితో ఆగిపోయింది. తల్లి ఆమె మొహం చూస్తోంది. ఆరేళ్ళప్పుడు అటకమీది బెల్లం తిని తినలేదన్నప్పుడు చూసినట్టే చూస్తోంది.

"ఉండాడు గదా" అంది మస్తానమ్మ.

సుభాషిణి చేతిసంచీ కింద పెట్టింది.

"మెట్టెలు తీసిన పొద్దుకి ఉండాడు."

"అమ్మా, నువ్వు తీయడానికీ దానికీ..."

"అది తర్వాత. ముందు ఉండాడా లేడా చెప్పు."

"ఉన్నాడు."

మస్తానమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. ఏడవలేదు. "కాశిమో?" అని అడిగింది. అప్పుడు సుభాషిణి అంతా చెప్పింది. పడమటికి తిప్పి పడుకోబెట్టిన సంగతి, సరిచేసిన కాలు, కప్పిన రేకులు, మూడో రోజు, పదో రోజు. ఒక్కటీ దాచలేదు. సగంలో తను తల్లి చెయ్యి పట్టుకుంటే మస్తానమ్మ విడిపించుకుంది.

"కాదర్‌బీకి చెప్పినావా?"

"లేదమ్మా. చెబితే నీకు తెలుస్తుందని..."

"నాకు తెలవకూడదని దాని దిగులు దాని కాడే పెట్టినావా?" మస్తానమ్మ గొంతు పెరిగింది. "ముప్ఫైనాలుగేళ్ళు మే! రోజూ అదే మాట. పడమటికి తిప్పేవోడు లేకపాయెనని. నాకు కాలిందని దానికి నీళ్ళియ్యవా? మీ నాయన చూడు, సచ్చేముందు గూడా ఎంత బుద్ధిగా ఉండాడో. నువ్వెవురి బిడ్డవి? లెయ్. రేపు పొద్దున బండికే పోతన్నాం."

*

గూడూరులో కాదర్‌బీ ఇల్లు రైల్వే గేటు దగ్గర. కొడుకు టైర్ల కొట్టుకు పోయాడు. వీళ్ళను చూడగానే ఆమె మంచంమీది బట్టలు ఒకవైపు తోసింది.

"ఏందక్కా, చెప్పా పెట్టకుండా! ఫోనుకి డబ్బులు ఖర్చని రైలుకి పెట్టినావా?"

"నీ మొహం చూసి శానా దినాలయిందిలే. ఏమన్నా అందం పెరిగిందేమోనని."

"పెరిగింది. రెండు పళ్ళు ఊడినాయి గదా, ఇంకా పెరిగింది."

ఇద్దరూ నవ్వారు. కాదర్‌బీ టీ పెట్టడానికి లేవబోతే మస్తానమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మే, ఇను. కాశిమన్న బోర్లా పళ్ళేదు. తల ఉత్తరానికి, మొకం పడమటికి, కుడిపక్కన పొణుకున్నాడు. కింద చదును చేసుండారు. పైన అబ్రకం రేకులు కప్పుండారు. పెద్ద రేకులు. మనం కొట్టంలో చీలిస్తే మేస్త్రీ మెచ్చుకునేటట్టాంటియి. పాప కళ్ళారా చూసింది."

కాదర్‌బీ సుభాషిణి వైపు చూసింది. సుభాషిణి తల ఊపింది.

కాదర్‌బీ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. పెదవులు ఏదో చదువుకున్నాయి. చేతులు తీసేసరికి మొహం తడిగా ఉంది, కానీ ఆ మొహంలో సుభాషిణి ఎన్నడూ చూడని తేట ఒకటి ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ బరువు అంత తొందరగా దిగడం ఆమె ఎప్పుడూ చూడలేదు. దాచివుంటే ఇది ఎప్పటికీ చూసేది కాదు.

"పెంచలన్నే గదా" అంది కాదర్‌బీ. "ఇంకెవురుండారు ఆడ. పెంచలన్నే." మస్తానమ్మ చేతులు రెండూ తీసుకుని కళ్ళకద్దుకుంది. అద్దుకుంటూ ఉన్నట్టుండి ఆగింది. ఆమె వేళ్ళు మస్తానమ్మ మణికట్టుమీద కదలకుండా ఉండిపోయాయి. వాగు దగ్గర ఆ రోజు చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళలో ఆమె కూడా ఉంది.

"అక్కా. అంటే అప్పుటికి ఆయన..."

"ఊరుకో."

"ఎన్నాళ్ళుండాడక్కా ఆయన?"

"ఊరుకోమన్నా గదా. నీకు చెప్పాల్సింది చెప్పినా."

కాదర్‌బీ ఊరుకోలేదు. "మావోడికి పెంచలన్న ఉండాడు. కాలు సరిచేసినాడు, తిప్పినాడు, కప్పినాడు. పెంచలన్నకి ఎవురుండారక్కా?"

గేటు పడింది. గూడ్సుబండి ఒకటి చాలాసేపు పోయింది. అది పోయేదాకా ముగ్గురూ అలాగే కూర్చున్నారు.

*

తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. వెంకటగిరిలో రైలు ఆగింది. ఎదురు సీట్లో కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి, చీరలపెట్టె ఒళ్ళో పెట్టుకుని, చిన్నగా మాట్లాడుకుంటోంది.

"పదో దినం దీపం ఎందుకు ముట్టిచ్చినాడు మే?" అంది మస్తానమ్మ. "అప్పుటికి కాశిమన్న పని అయిపాయె గదా."

"తెలియదమ్మా. యంత్రం వెలుగు ఉన్నదని చెబుతుంది. ఎందుకో చెప్పదు."

"ఇన్నేళ్ళూ కూలిన తిథికే ఆయనకి పెట్టినా. ఇంక ఏ తిథికి పెట్టాల?"

ఇంత పరికరం చేసి, ఇంత లెక్కకట్టి, దీనికి జవాబు చెప్పలేకపోవడం సుభాషిణికి ఏదో అన్యాయంలా తోచింది. "దీపం ఆరిన రోజు తెలుసమ్మా. ఆరాక ఎంతసేపున్నాడో తెలియదు. చీకట్లో జరిగింది రేణువుకు తెలియదు."

మస్తానమ్మ తల ఊపింది.

"ఎవురన్నా అడిగితే ఏడేళ్ళ కాపరం అని చెప్పేదాన్ని" అంది. "తప్పు చెప్పినా. ఏడేళ్ళమీద ఇంకా కొన్ని దినాలు. మెట్టెలు తీసి ఇచ్చినా సరే, ఆయన ఉండాడు గదా. నేను ఇంట్లో మూల కూసోని ఉండా. ఆయన లోపల గోడకి ఆనుకోని ఉండాడు. ఇద్దరం ఉండాం. ఒకరికొకరు తెలీకుండా ఉండాం."

"అమ్మా, నువ్వు తీసినందువల్ల ఏమీ కాలేదమ్మా. తీశాక కూడా ఆయన బతికాడు. మూడు రోజులు."

అది ఓదార్పు అవుతుందో కాదో తెలియకుండానే అంది. మస్తానమ్మ చటుక్కున తలతిప్పి కూతుర్ని చూసింది.

"అవును గదా" అంది మెల్లిగా. "నేను తీస్తే పోలా ఆయన." మళ్ళీ, "పోలా" అంది. వేళ్ళతో చీరచెంగు ముడి వేసి విప్పింది. "నా చేతివల్ల పోలా. కానీ నేను దగ్గిర లేను. అది పోదు గదా అమ్మణ్ణీ. ఒకటి తీసేస్తే దాని కింద ఇంకోటి ఉండాది."

రైలు కదిలింది. మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త పోయిన వార్త ఈ సాయంత్రమే వచ్చినట్టు, గొంతులోంచి చిన్నగా మొదలై, ఆపుకోలేని ఏడుపు వచ్చింది. ఎదురు సీట్లో అమ్మాయి మాట ఆపి చూసింది.

సుభాషిణి ఓదార్చలేదు. లేచి, వాళ్ళ చూపు పడకుండా తల్లికీ వాళ్ళకీ మధ్య అడ్డంగా, తల్లివైపు తిరిగి నిలబడింది. తిరుపతి దాకా అలాగే నిలబడింది.